పదిహేనో వంతు చీపురు

నాకు భాగహారం వచ్చినందుకు మా బర్రె సంతకు పోవాల్సి వచ్చింది. పోయిందా లేదా అనేది చివర చెప్తాను. ఈలోగా మీరు నవ్వదలచుకుంటే నవ్వండి, నేను అడ్డం రాను. మా ఇంట్లో ఇప్పటికే అందరూ నవ్వుకున్నారు. బర్రె ఒక్కటే మిగిలింది.

మా ఊరు పెబ్బేరు దగ్గర. నేనూ మా ఆయన కుర్మయ్యా ఇరవై ఏళ్లు గుంపుతో వలస పోయినవాళ్లం. బొంబాయి దిక్కు, పూణె దిక్కు, ఎక్కడ కాలువ తవ్వుతుంటే అక్కడికి. గుంపంటే ముప్పై మంది, పైన ఒక మేస్త్రి. నాకు వంట పని. తెల్లారితే ముప్పై మందికి అన్నం, పొద్దూకితే ముప్పై మందికి రొట్టెలు. నా చేతికి ముప్పై తప్ప వేరే అంకె తెలియదు.

గుంపులో ఒక పద్ధతి ఉండేది. మేము తినే తిండి ఖర్చు మేస్త్రి మా కూలిలోంచి కోసుకునేవాడు. మిగతావన్నీ షెడ్డు ఇచ్చిన మేస్త్రే చూసుకోవాలి. రేకుల షెడ్డు, అందులో బల్బు, తాగే నీళ్ల ట్యాంకరు, పొయ్యిలోకి సెంట్రింగ్ చెక్కముక్కలు, జ్వరమొస్తే గోలీలు, ఆదివారం తలకు నూనె, పనికి పోను లారీ, అన్నీ ఆయనవే. పొద్దున ఆరింటికి ఆయన ముందు నిలబడి ఉన్నామని చెప్పి హాజరు వేయించుకోవడం ఒక్కటే మా పని. ఈ పద్ధతి బాగా గుర్తు పెట్టుకోండి. నేనైతే అవసరానికి మించి గుర్తు పెట్టుకున్నాను.

మోకాళ్లు అరిగాక వలస మానేశాం. ఊళ్లో ఉన్నాక, నలభై నాలుగో ఏట, పొదుపు సంఘం ఆడవాళ్లతో కలిసి బడి వరండాలో కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. తర్వాత టీచరమ్మ కూడికలు చెప్పింది, తీసివేతలు చెప్పింది, ఎక్కాలు వల్లె వేయించింది. చిట్టచివరికి భాగహారం చెప్పింది. కొత్త కత్తిపీట కొన్న మనిషికి ఇంట్లో కనపడిందల్లా కోయబుద్ధవుతుంది చూడండి, నా పరిస్థితి అట్లా అయింది. చేనులో సాళ్లను భాగించాను. కోళ్లు పెట్టిన గుడ్లను వారాలతో భాగించాను. ఒకరోజు చేపల కూర వండి, ముక్కల్ని మనుషులతో భాగిస్తే ఒక ముక్క శేషం వచ్చింది. అది ఎవరికి చెందుతుందో లెక్క తేలకముందే మా ఆయన తినేశాడు.

సరిగ్గా అప్పుడే మా బిడ్డ శిరీషకు హైదరాబాదులో ఒక దవాఖానలో రక్తపరీక్షలు చేసే నౌకరి వచ్చింది. జీతం పద్దెనిమిది వేలు. హాస్టలులో ఉంటే నెలకు ఏడు వేలు అవుతుందని చెప్పింది.

ఒక్క మనిషికి ఏడు వేలా? ముప్పై మందికి వండినదాన్ని ఇంట్లో పెట్టుకుని నా బిడ్డ హాస్టలు సాంబారు తాగాలా? నేను వెంట వస్తానన్నాను. ఒక గది తీసుకుందాం, ఇద్దరి ఖర్చు కలిపి నీ హాస్టలు ఖర్చంతే చేస్తానన్నాను.

"అమ్మా, అది కాలువకాడి షెడ్డు. ఇది హైదరాబాదు," అంది శిరీష.

"ఊరు మారితే లెక్క మారుతదా బిడ్డా? నాకు ముప్పై మంది లెక్క నోటికొచ్చు. మనం ఇద్దరం. ముప్పైల ఇద్దరంటే పదిహేనో వంతు. ఇగ చూడు."

మూడు రోజులు నోటుబుక్కు ముందు కూర్చున్నాను. గుంపుకు నెలకు తొమ్మిది బస్తాల బియ్యం పట్టేది. పదిహేనుతో భాగిస్తే ముప్పై కిలోలు. నలభై ఐదు లీటర్ల నూనె అయ్యేది, మాకు మూడు లీటర్లు. పప్పు, ఉప్పు, కారం, ఉల్లిగడ్డ, చాయ్‌పత్తి, అన్నిటినీ పదిహేనుతో నరికాను. అన్నీ చక్కగా తెగాయి. చీపురు దగ్గర మాత్రం కత్తి ఆగింది. గుంపుకు నెలకు ఒక చీపురు. అంటే మాకు పదిహేనో వంతు చీపురు. అంత ముక్క ఏ దుకాణంలోనూ అమ్మరు కాబట్టి, ఇంట్లో ఉన్న కొత్త చీపురు విప్పి పుల్లలు లెక్కబెట్టాను. నూట యాభై. పది పుల్లలు విడిగా తీసి దారంతో కట్టుకున్నాను. మీరు నవ్వుతున్నారు గానీ, లెక్కగా చూస్తే అందులో తప్పు లేదు.

తిండి మూడు వేలు తేలింది. గది ఐదు వేలని శిరీష కనుక్కుని వచ్చింది. దాని కింద నీళ్లు, కరెంటు, వంటచెరుకు, గోలీలు, తలనూనె, బండి ఖర్చు అని వరసగా రాసి, ఒక్కోదాని ఎదుట సున్నా పెట్టాను. అవి షెడ్డు ఇచ్చినవాళ్లవి కదా. సున్నాలు గుండ్రంగా రాయడం నాకు మొదటి నుంచీ బాగా వచ్చు. ఆ పేజీలో అన్నిటికన్నా అందంగా ఉన్నవి అవే.

మొత్తం ఎనిమిది వేలు. జీతంలో ఇంకా పది వేలు మిగులు. నెలకు పది వేలంటే ఆర్నెల్లలో ఇంకో బర్రె, ఏడాదిలో ఇంటికి పైకప్పు. రెండో ఏడు ఏం కొనాలో తోచక అక్కడితో ఆపాను.

శిరీష జీతం నెల నిండాకే చేతికి వస్తుంది కాబట్టి మొదటి నెల ఖర్చు ఇంటి నుంచే పట్టుకుపోవాలి. మా ఆయన పల్లికాయ అమ్మిన డబ్బులో ఎనిమిది వేలు లెక్కబెట్టి ఇచ్చాడు. ఇచ్చి, ఇంకో రెండు వేలు పాత క్యాలెండరు కాగితంలో చుట్టి, ఇవి కూడా ఉంచుకో అన్నాడు. నాకు రోషం వచ్చింది. వరండాలో సంఘం ఆడవాళ్లంతా చూస్తుండగా ఆ పొట్లం తిరిగి ఆయన జేబులో కుక్కాను.

"మిగిలినయి దాచనీకి నాకు అక్కడ చోటెక్కడిది? నువ్వే ఉంచుకో."

"తక్కువ పడితేనో? మళ్ల తేవనీకి నా తాన ఏముందే?"

"నా లెక్క తప్పితే చుక్కను పెబ్బేరు సంతకు తోలుకపో, పో."

చుక్క మా బర్రె. నుదుట తెల్ల చుక్కతో పుట్టింది. తల్లి చనిపోతే సీసాతో పాలు పట్టి పెంచాను. నేను పిలిస్తే మూడు చేల అవతల నుంచి వస్తుంది, మా ఆయన పిలిస్తే చెవి కూడా కదపదు. దాన్ని పణంగా పెట్టానంటే నా భాగహారం మీద నాకెంత నమ్మకమో మీరే ఆలోచించండి.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. పశువును అమ్మితే పగ్గం ఇవ్వం. పశువు పోతుంది, పగ్గం ఇంటికి వస్తుంది. మా అత్త కాలం నుంచీ అంతే. మా ఆయన అది గుర్తు చేసి, నిదానంగా అన్నాడు: "సరే. లెక్క తప్పిన్నాడు పగ్గం తెచ్చి నీ చేతుల పెడ్త."

అట్లా పది పుల్లల చీపురుతో హైదరాబాదు చేరాను.

రెండో అంతస్తులో గది. కింద ఇంటి ఓనరమ్మ ఉంటుంది. చేరిన రోజే రెండు నెలల కిరాయి ముందుగా కట్టాలని శిరీషతో అంది. అది శిరీష తన చెవి కమ్మలు కుదువబెట్టి కట్టింది, నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే అక్కడే గొడవ అయ్యేది. నా బతుకంతా షెడ్డు ఇచ్చినవాడే మాకు ముందు డబ్బులిచ్చాడు గానీ, షెడ్డు కోసం మేము ఎదురు ఇచ్చింది లేదు.

మర్నాడు పొద్దున ఆరింటికి ఓనరమ్మ తలుపు కొట్టాను. ఆమె నిద్రకళ్లతో బయటికి వచ్చింది.

"మేమిద్దరం ఉన్నమక్కా," అన్నాను.

"ఉండండి," అని ఆమె తలుపు వేసుకుంది. హాజరు పడిందని సంతోషంగా పైకి వచ్చాను.

ఆదివారం చిన్న సీసా పట్టుకుని పోయి తలకు నూనె అడిగాను. ఆమె నన్నూ, నా సీసానూ కాసేపు చూసి, పాపం అనుకుందో ఏమో, సగం దాకా పోసి ఇచ్చింది. మరో మూడు రోజులకు నాకు జ్వరం తగిలితే గోలీలు అడిగాను. అవీ ఇచ్చింది, కషాయం కూడా పెట్టిచ్చింది. చూశారా, నా పేజీలోని సున్నాలన్నీ ఒక్కొక్కటే నిజమవుతున్నాయి. శిరీష దవాఖాన నుంచి రాగానే గర్వంగా చెప్పాను. అది తల పట్టుకుంది. మళ్లీ అట్లా అడగొద్దమ్మా, పరువు పోతుందని బతిమాలింది. పరువు సంగతి నాకు తెలియదా అని నేను దాన్నే కసురుకున్నాను.

మొదట చెడింది చేతి దగ్గర. లెక్క పుస్తకంలో ఉంది గానీ, వండేది పుస్తకం కాదు. ఇద్దరికి వండుదామని కూర్చుంటే చేయి తన దారిన తాను పోతుంది. ఉప్పు దోసిలితో పడుతుంది, కారం పిడికిలితో. బియ్యం కడిగి చూసుకుంటే పదిమందికి సరిపడా ఉంటుంది, అయినా గిన్నెలో అవి కొంచెంగానే కనపడి ఇంకో సోలెడు పోయబుద్ధవుతుంది. పారేయడానికి మనసొప్పదు, కిందికి పట్టుకుపోయి ఓనరమ్మకు ఇచ్చేదాన్ని. నా పచ్చిపులుసు తిన్న రోజు ఆ ఇంటాయన కారానికి తట్టుకోలేక నల్లా కింద నోరు పెట్టాడంట. ముప్పై కిలోల బియ్యం పదహారో రోజున అడుగంటింది.

రెండోది పొయ్యి. వంటచెరుకు సున్నా అని రాశాను కదా. శిరీష చిన్న గ్యాసు పొయ్యి తెచ్చింది, అందులో గ్యాసు రెండు వారాలకే అయిపోయింది. పది మందికి వండితే ఎక్కడ ఆగుతుంది? పక్కనే ఇల్లు కడుతున్నారు. సెంట్రింగ్ చెక్కముక్కలు కుప్పగా పడి ఉన్నాయి. వాళ్లను అడిగి ఒక గంపెడు తెచ్చి, ఓనరమ్మ మిద్దె మీద మూడు ఇటుకలు పెట్టి పొయ్యి రాజేశాను. పచ్చి చెక్క, పైగా సిమెంటు అంటింది. పొగ ఎట్లా లేచిందంటే, ఎదురింటివాళ్లు ఇల్లు ఖాళీ చేద్దామా అని ఆలోచించారంట. ఓనరమ్మ ఆరేసిన తెల్ల దుప్పట్లు రెండు బర్రె రంగుకు వచ్చాయి.

ఆమె ఆయాసపడుతూ పైకి వచ్చింది. కోప్పడదామని నోరు తెరిచి, గోడకు ఆనించిన నా చీపురు చూసి ఆగింది.

"ఇదేంటమ్మా, దేనికి?"

"ఊడ్వనీకి అక్కా. పదిహేనో వంతు."

ఆమె కిందికి పోయింది. కాసేపటికి ఒక కొత్త చీపురు, దాంతోపాటు ఒక కాగితం పట్టుకుని వచ్చింది. కాగితంలో నీళ్లు, కరెంటు, మెట్లు కడిగే మనిషి, చెత్త బండి, మోటారు రిపేరులో మా వంతు అని వరసగా ఉన్నాయి. నా పేజీలో ఉన్న నీళ్లు, కరెంటు ఆ కాగితంలోనూ ఉన్నాయి. తేడా ఏందంటే, నేను సున్నాలు పెట్టిన చోట ఆమె వాటి ముందు వేరే అంకెలు కూడా వేసింది.

"ఇవి మీరియ్యాలె," అంది.

"మేమిచ్చేదేందక్కా? షెడ్డు మీది కదా?"

"షెడ్డేంది? ఇది ఇల్లు."

"ఇల్లే అనుకో. ఇచ్చింది మీరు కదా. లైటు లేకుంట ఇస్తరా, నీళ్లు లేకుంట ఇస్తరా?"

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. "నూనె పోసిన. గోలీలు ఇచ్చిన. కషాయం కాచిన. ఇప్పుడు నీ కరెంటు బిల్లు సుత నేనే కట్టాల్నా? అసలు నువ్వు నన్ను ఎవరనుకుంటున్నవు?"

"మేస్త్రి," అన్నాను.

అప్పుడు గానీ నా నోటి నుంచి వచ్చిన మాట నా చెవికి చేరలేదు. ఇరవై ఏళ్ల గుంపు, తొమ్మిది బస్తాలు, ట్యాంకరు, లారీ, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. పుస్తకం తెరిచి చూసుకున్నాను. గుండ్రంగా, అందంగా, ఆరు సున్నాలు. మూడు జతల కళ్లు నన్ను చూస్తున్నట్టు ఉన్నాయి.

కాగితంలో ఉన్నవన్నీ కట్టేసరికి కొంగు ముడిలో నూట నలభై రూపాయలు మిగిలాయి. నెలలో ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయి.

ఇంటికి ఫోన్ చేసి నిజం చెప్పే మనిషినైతే ఈ కథ ఇక్కడే అయిపోయేది. మా ఆయన లెక్క ఎట్లా నడుస్తుందని అడిగితే, రైలు పట్టాల మీద నడిచినట్టు నడుస్తుందని చెప్పాను. పది వేలు మిగులుతుందా అంటే, అంతకు తగ్గదన్నాను. ఆ పక్కన సంఘం ఆడవాళ్లెవరో శెభాష్ అన్నారు. నా చెవుల్లో చుక్క అరిచినట్టయింది. మాట మార్చడానికి, ఇక్కడ బట్టలు ఆరేయడానికి దండెం లేదు, వచ్చేటప్పుడు ఇంట్లో పాత తాడేదైనా పట్టుకురా, కొత్తది కొనడానికి పుస్తకంలో వరస లేదన్నాను. దుప్పట్ల గొడవ తర్వాత ఓనరమ్మ తన తీగ మీద మమ్మల్ని బట్టలు ఆరేయనివ్వడం లేదని మాత్రం చెప్పలేదు.

ఆ పన్నెండు రోజులు జొన్నరొట్టె, పల్లి చట్నీ. పల్లి చట్నీ, జొన్నరొట్టె. శిరీష మధ్యాహ్నం దవాఖానలో తిన్నానని చెప్పేది. తిన్నదో లేదో నేను గట్టిగా అడగలేదు, ఏం చెప్తుందోనని భయం. పొద్దున బస్సుకు గాక ఇంకా ముందే లేచి నడిచి పోవడం మొదలుపెట్టింది. నాకు కళ్లు మూసుకుంటే చుక్క కనపడేది. సంతలో నిలబడి ఉన్నట్టు, ఎవడో దాని పళ్లు చూస్తున్నట్టు, అది నా కోసం అటూ ఇటూ తల తిప్పుతున్నట్టు.

నెల నిండడానికి ఇంకా రెండు రోజులుందనగా పొద్దున మా ఆయన చెప్పకుండా దిగాడు. ఆదివారం, శిరీష కూడా ఇంట్లోనే ఉంది. కాళ్లు కడుక్కుని కూర్చుంటే రొట్టె పెట్టాను. ఆయన తింటుంటే, ఏం తెచ్చాడో చూద్దామని సంచిలో చేయి పెట్టాను. జొన్నపిండి తగిలింది, పల్లీలు తగిలాయి. వాటి కింద ఇంకేదో మెత్తగా తగిలింది. బయటికి లాగాను.

చుక్క పగ్గం.

నీలం రంగు తాడు, తెగిన చోట నా పాత చీర అంచుతో నేనే వేసిన ముడి. దానికి ఇంకా చుక్క వాసన ఉంది.

పగ్గం ఒళ్లో పెట్టుకుని అక్కడే కూలబడ్డాను. అంటే ఆయనకు తెలిసిపోయింది. అమ్మేశాడు. అన్న మాట ప్రకారం పగ్గం తెచ్చాడు.

ఆ తర్వాత నా నోరు నా మాట వినలేదు. సున్నాల సంగతి చెప్పాను. బియ్యం పదహారో రోజే అయిపోయిందన్నాను. పొగ, దుప్పట్లు, తలనూనె, హాజరు, నూట నలభై రూపాయలు, ఫోనులో ఆడిన అబద్ధం, ఒకటి కూడా దాచలేదు. శిరీష ఆయన వెనక నిలబడి, ఆగమని చేతులూపుతోంది. దాని సైగ నాకు ఓదార్పు లాగా కనపడి ఇంకా గట్టిగా ఏడ్చాను. తప్పంతా నాదే, దాన్ని ఎవరికి ఇచ్చావో చెప్పు, కాళ్లు పట్టుకుని వెనక్కి తెచ్చుకుంటానన్నాను.

మా ఆయన రొట్టె నమలడం ఆపి, నీళ్లు తాగి, మూతి తుడుచుకున్నాడు.

"దండెం కట్టనీకి పాత తాడు తెమ్మంటివి కదనే. తెచ్చిన."

నేను పగ్గాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను.

"మరి చుక్క?"

"కొట్టంల ఉంది. దానికి కొత్త పగ్గం కొన్న. మెడకు గంట సుత కొన్న."

"పైసలెక్కడియి?"

"పది వేలు మిగులుతదంటివి. నీ లెక్కనే నేను సుత చేసిన. పది వేలను పదిహేనుతోని భాగిస్తే ఆరు నూర్ల అరవై ఆరు వచ్చింది. నీ మాట గంత వరకు నమ్మొచ్చనుకోని గంతే అప్పు తెచ్చిన. పగ్గం, గంట పోను ఇంక బస్సు కిరాయి సుత ఎల్లింది."

"నీకు భాగారం ఎవరు నేర్పిండ్రు?"

"ఆర్నెల్లు కొట్టం పక్కన కూసోని గట్టిగ చదివితివి. నాకేంది, చుక్కకు సుత వచ్చి ఉంటది."

శిరీష గోడకు తిరిగి నవ్వుతోంది. దాని భుజాలు ఊగుతున్నాయి. నేను కొంగుతో ముక్కు చీదుకుని, ఉన్న పరువు కాస్తా కూడగట్టుకుని, ఇచ్చిన మాట మాటే, లెక్క తప్పింది కాబట్టి చుక్కను సంతకు తోలుకుపో అన్నాను. అన్నానే గానీ పగ్గం మాత్రం ఒళ్లోంచి వదల్లేదు.

"మాట ఇచ్చింది నువ్వు," అన్నాడు మా ఆయన. "అదేమన్న ఇచ్చిందా? దాన్నెందుకు తోలాలె?"

జేబులో చేయి పెట్టి, పాత క్యాలెండరు కాగితం పొట్లం తీసి నా ముందు పెట్టాడు. ఆనాడు తను పెట్టిన మడత కూడా చెరగలేదు.

"దాచనీకి ఇప్పుడన్న చోటు దొరికిందా?"

దొరికింది. ఆరోజే శిరీష పక్కన కూర్చుని కొత్త పేజీ రాయించింది. ఈసారి కింది నుంచి మొదలుపెట్టాం. ముందు ఓనరమ్మ కాగితం, తర్వాత గ్యాసు, బస్సు, కుదువ సంగతి అప్పుడే బయటపడిన శిరీష కమ్మలు విడిపించే డబ్బు, ఆ పైన కిరాయి, తిండి. బియ్యం కొలవడానికి ఒక చిన్న గ్లాసు పెట్టింది, నా చేతిని నమ్మనని చెప్పింది. పదమూడు వేలు తేలింది. మిగులు ఐదు వేలు. అందులో ఎంత నమ్మాలో మా ఆయన మనసులో భాగించుకుంటుంటే పెదాలు కదిలాయి, నేను చూశాను. ఓనరమ్మకు కొత్త దుప్పట్లు రెండు కొనిచ్చాను. ఆమె ఇప్పటికీ ఆదివారం పొద్దున కిందినుంచి కేకేసి, ఉన్నారా అని హాజరు అడుగుతుంది.

కాబట్టి, నుదుట చుక్క ఉన్న మా బర్రె మీద, దండెంగా మారిన దాని పగ్గం మీద, పది పుల్లల చీపురు మీద ప్రమాణం చేసి రాస్తున్నాను. ఇకమీదట నేను ఏ చీపురునూ విప్పను. ఎవరి ఇంటినీ షెడ్డు అనను. తలనూనె కొనుక్కునే రాసుకుంటాను. భాగహారం చేయాలనిపిస్తే చేపల కూర దగ్గరే చేస్తాను, శేషం ఎవరు తిన్నా అడగను.

మొన్న టీచరమ్మ ఫోన్ చేసి, ఈసారి ఊరికి వచ్చినప్పుడు శాతాల లెక్కలు చెప్తానంది. ఆ సంగతి ఎట్లా పొక్కిందో, అప్పటి నుంచి మా ఆయన చుక్కను కొట్టంలో కాకుండా తన మంచం కోడుకు కట్టేసుకుంటున్నాడంట.